నాన్నగారి పాట ఎవరిది?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా నాన్నగారు పొలం నుంచి వస్తూ ఎప్పుడూ 'ఒక వేణువు వినిపించెను' పాడుకుంటారు. బాలు పాట కదా అన్నానని ఓసారి కోప్పడ్డారు, 'కాదమ్మా, అది మన శ్రీకాకుళం ఆయన పాట' అని. లైబ్రరీలో సినిమా పాటల మీద రెండు పుస్తకాలు తిరగేశాను. ఘంటసాల, సుశీల, జానకి, బాలు... అంతే. నాన్న చెప్పింది నిజమేనా? నిజమైతే ఆయన పేరు ఎందుకు లేదు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు నాన్నగారికి సారీ చెప్పేయండి. ఆ గొంతు జి. ఆనంద్ గారిది, మీ జిల్లాలోని తులగాం ఆయన సొంతూరు. పాట 1976లో వచ్చిన 'అమెరికా అమ్మాయి' సినిమాలోది, సంగీతం జి.కె. వెంకటేష్. మరుసటేడు 'కల్పన'లో 'దిక్కులు చూడకు రామయ్యా' కూడా ఆయనే పాడారు, అది కూడా బాలు పాటే అనుకునేవాళ్లు బోలెడు మంది. తర్వాత 'స్వరమాధురి' అని సొంత ఆర్కెస్ట్రా పెట్టుకుని ఏళ్ల తరబడి స్టేజీల మీద పాడారు. 2021 మే 6న కరోనా ఆయన్ని తీసుకుపోయింది.

ఇక పేరెందుకు లేదంటారా, మనవాళ్లు పాట చరిత్ర అని రాసేది చాలావరకు హీరోల చరిత్రే. ఎన్టీఆర్‌కి ఎవరు పాడారు, ఏఎన్నార్‌కి ఎవరు పాడారు, ఆ తర్వాత కృష్ణకి, శోభన్‌బాబుకి ఎవరు అనుకుంటూ పోతారు, ఆ వరసలో ఏ హీరోకీ అంటుకోని గొంతు జారిపోతుంది, ఎంత బాగా పాడినా సరే. 'మాయాబజార్'లో 'వివాహ భోజనంబు' ఎవరిదని మీ ఇంట్లో అడిగి చూడండి, ఎస్వీ రంగారావు అనేస్తారు. పాడింది మాధవపెద్ది సత్యం. ఆయన్నీ పిఠాపురం నాగేశ్వరరావునీ 'కామెడీ పాటలవాళ్లు' అని ఓ మూల కూర్చోబెట్టేశాం.

పి.బి. శ్రీనివాస్ సంగతైతే నాకు మరీ కష్టంగా ఉంటుంది. పుట్టింది కాకినాడలో, కానీ కన్నడంలో రాజ్‌కుమార్‌కి గొంతు అయ్యారు కాబట్టి అక్కడ ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఇక్కడేమో 'ఆయన కూడా కొన్ని పాడారు' అని ఒక వాక్యంతో సరి. మనిషి అదే, గొంతూ అదే, ఇక్కడ దొరకనిది హీరో ఒక్కడే.

ఆనంద్ గారు వచ్చిన టైమ్ కూడా కలిసి రాలేదు. 1974లో ఘంటసాల పోయాక ఆ ఖాళీలోకి బాలు ఎంత నిండుగా వచ్చారంటే, ఏ నటుడికి తగ్గట్టు ఆ నటుడికి గొంతు మార్చి పాడేవారాయె, ఇంకో గొంతు వెతుక్కోవాల్సిన అవసరం నిర్మాతలకి ఏముంటుంది? ఇది బాలు తప్పని నేననను (ఉత్తరాలు రాయకండి బాబూ).

ప్రశ్న: సుశీల, ఘంటసాల ఇద్దరూ మా విజయనగరం వాళ్లేనని మా ఫ్రెండ్‌తో పందెం కాశాను. గెలిచానా?
– మరో పాఠకుడు

జవాబు: సగమే. సుశీల గారు విజయనగరంలోనే పుట్టారు, 1935లో. ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి, మీ ఊరికి సంగీతం నేర్చుకోవడానికి వచ్చారు, మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ మహారాజా వారి సంగీత కళాశాలలో చదువుకున్నారు. అక్కడ ఆయనకి పాఠం చెప్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి, సాలూరు చినగురువుగారంటే పాతవాళ్లకి తెలుసు. పందెంలో మిగిలిన సగం కట్టేటప్పుడు మీ ఫ్రెండ్‌ని ఆ గురువు పేరు అడగండి, తెలియదంటే లెక్క సరిపోయినట్టే.