వాడిన నీరు ఎంతవరకు పనికొస్తుంది? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లలో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంది. శుద్ధి అయిన నీటిని ఫ్లష్ ట్యాంకులకూ మొక్కలకూ వాడాలని కమిటీ నిర్ణయించింది గానీ, ఆ నీరు కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తోందని చాలామంది ఒప్పుకోవడం లేదు. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిపూట బ్లోయర్ ఆపేస్తున్నారు. వాసనకు అదే కారణమా?

జవాబు: చాలావరకు అదే కారణం. మురుగును తినేసి నీటిని శుభ్రం చేసేది యంత్రం కాదు, ట్యాంకులో పెరిగే సూక్ష్మజీవులు. వాటికి గాలి అందించడమే బ్లోయర్ పని. ఎడ్వర్డ్ ఆర్డర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1914లో మాంచెస్టర్‌లో చేసిన ప్రయోగాలతో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతే నేటికీ ప్రపంచమంతటా ఎక్కువ ప్లాంట్లకు ఆధారం. గాలి ఆగిపోతే ట్యాంకులో కరిగి ఉన్న ఆక్సిజన్ కొద్దిసేపట్లోనే అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ లేకుండా బతికే మరో రకం సూక్ష్మజీవులు విజృంభించి, నీటిలోని సల్ఫేట్లను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. మీరు చెప్పిన కుళ్లిన గుడ్ల వాసన దానిదే. ఆదా చేసిన కరెంటు ఖర్చు మళ్లీ ట్యాంకర్ నీళ్ల ఖర్చుగా తిరిగి వస్తుందని కమిటీకి లెక్కగట్టి చూపించండి. విద్యుత్తు నిజంగా తగ్గించాలనుకుంటే, నీటిలోని ఆక్సిజన్‌ను కొలుస్తూ, లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు నిలిచేలా బ్లోయర్ వేగాన్ని సర్దుకునే ఏర్పాటు మేలు.

ప్లాంటు ఆరోగ్యం తెలుసుకోవడానికి ప్రయోగశాల దాకా వెళ్లనక్కర లేని పరీక్ష ఒకటుంది. బ్లోయర్ గాలి అందుతున్న ట్యాంకులోంచి ఒక లీటరు నీటిని గాజు కొలజాడీలో తీసుకుని, కదపకుండా 30 నిమిషాలు ఉంచండి. చాక్లెట్ రంగు బురద నిదానంగా అడుగుకు దిగి, పైన నీరు తేటపడితే, తడిమట్టి వాసన తప్ప మరేమీ రాకపోతే, ప్లాంటు బాగున్నట్టే. సాధారణంగా ఆ బురద 200 నుంచి 400 మిల్లీలీటర్ల గీతల మధ్య నిలుస్తుంది. బురద నల్లగా ఉంటే గాలి చాలడం లేదు. అసలు దిగకుండా దూదిలా పైనే తేలుతూ ఉంటే, దారాల్లాంటి బ్యాక్టీరియా మితిమీరి పెరిగి ఉండవచ్చు. ఈ పరీక్షను రోజూ ఒకే వేళకు చేసి పుస్తకంలో రాయించండి. ఒక్కరోజు అంకె కన్నా నెలరోజుల వరుస ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఇంకొక మాట: ఒకేసారి పెద్దమొత్తంలో బ్లీచింగ్, యాసిడ్ పోసి బాత్‌రూమ్‌లు కడిగితే ఆ సూక్ష్మజీవులే చస్తాయి. ఫ్లష్‌కు వెళ్లే నీటిని వడగట్టి, క్లోరిన్ గానీ అతినీలలోహిత కిరణాలు గానీ తప్పనిసరిగా వాడాలి. ఆ పైపులకు వేరే రంగు వేయించి, తాగునీటి పైపులతో ఎక్కడా కలవకుండా చూడాలి. వాసన గురించి అందరూ గొడవపడతారు గానీ, నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ పైపుల కలయికలోనే ఉంది.

ప్రశ్న: బట్టలు ఉతికిన నీటినీ స్నానం నీటినీ నేరుగా మొక్కలకు పోయవచ్చా?

జవాబు: పోయవచ్చు, అయితే నిల్వ ఉంచకూడదు. ఈ నీటిలో సబ్బు, చర్మపు మురికి, కొద్దిపాటి క్రిములు ఉంటాయి. ఒక రోజు దాటితే అదీ మురుగులాగే మారిపోతుంది. ఆకుల మీద చల్లకుండా మొదళ్లలో, వీలైతే మట్టి పొర కింద పారించండి. పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికిన నీటిని మాత్రం మురుగు కాలువలోకే వదలండి. వంటగది సింకు నీటిలో నూనె, జిడ్డు ఎక్కువ కాబట్టి అవి మట్టి రంధ్రాలను మూసేస్తాయి, అదీ మొక్కలకు వద్దు. అందరూ మరిచేది సోడియం సంగతి. డిటర్జెంట్లలో అది ఎక్కువగా ఉంటుంది. బంకమట్టి రేణువులను విడదీసి, నేల పైన గట్టి పెచ్చు కట్టిస్తుంది. నీరు పోస్తున్నా లోపలికి ఇంకకపోతే, కొన్నాళ్లు ఆ నీటిని ఆపి మంచినీటితో తడపాలి.

ప్రశ్న: శుద్ధి ప్లాంటులో మిగిలిపోయే నీటిని ఇంకుడు గుంతలోకి వదిలితే భూగర్భ జలాలు పెరుగుతాయి కదా?

జవాబు: వదలకండి. ఆ గుంత పైకప్పు మీది వాననీటి కోసం. మామూలు ప్లాంటు నుంచి వచ్చే నీటిలో నైట్రేట్లు, క్రిములు మిగిలే ఉంటాయి. అవి నేలలోని నీటిలో చేరితే బయటకు తీయడం చాలా కష్టం. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 2008 నుంచి శుద్ధిచేసిన మురుగునీటినే భూగర్భంలోకి పంపుతున్న మాట నిజమే గానీ, అక్కడ సూక్ష్మ వడపోత, ఆర్వో, అతినీలలోహిత కిరణాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నీ దాటాకే ఆ నీరు నేలకు చేరుతుంది.

ప్రశ్న: మురుగునీటిని తాగునీరుగా మార్చడం నిజంగా సాధ్యమా, లేక ప్రచారమా?

జవాబు: సాధ్యమే. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి శుద్ధిచేసిన మురుగునీటిని తాగునీటిలో కలుపుతున్నారు. నదులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే ఆ నగరానికి అది సరదా కాదు, అవసరం. 2002లో కట్టిన కొత్త ప్లాంటుకు రోజుకు సుమారు 2.1 కోట్ల లీటర్ల సామర్థ్యం ఉంది. ఓజోన్, ఇసుక వడపోత, ఉత్తేజిత బొగ్గు (మలినాలను పీల్చుకునే బొగ్గు), అల్ట్రాఫిల్టర్ (అతి సన్నని రంధ్రాల వడపోత పొర), క్లోరిన్ అంటూ ఒకదాని వెంట ఒకటిగా అడ్డుగోడలు పెట్టారు. ఒకటి విఫలమైనా మరొకటి ఆపుతుందన్నది అక్కడి సూత్రం. సింగపూర్ 2003లో మొదలుపెట్టిన ‘న్యూవాటర్’ కూడా మురుగునీటిని తాగేంతగా శుద్ధిచేసిన నీరే. అయినా అందులో ఎక్కువ భాగం పరిశ్రమలకే వెళ్తుంది, కొద్దిభాగం జలాశయాల్లో కలుస్తుంది.

అయితే ఈ యంత్రాల వర్ణన చదివి, ఏ మురుగునైనా ఇలా మార్చేయవచ్చని అనుకోకండి. విండ్‌హోక్‌లో ఆ ప్లాంటుకు వెళ్లేది ప్రధానంగా ఇళ్ల మురుగే. కర్మాగారాల వ్యర్థజలాన్ని మొదటి నుంచీ వేరే కాలువలోకి మళ్లించారు.