సామాజిక గణాంకాల మీద వ్యాసం: ఒక్క అంకెను పట్టుకుని దాని వెనక్కి నడవండి

సామాజిక గణాంకాలను విమర్శనాత్మకంగా వాడుకోవడంపై వ్యాసరచన పోటీ ఉందనీ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల అక్షరాస్యత శాతాలు చాలా సేకరించాననీ, వాటితో ఏం రాయాలో తోచడం లేదనీ అడిగారు. మీది కావలి అన్నారు కాబట్టి ఈ ప్రాంతపు ఉదాహరణలే చెబుతాను.

ముందు, సేకరించినవాటిలో ఒక్కటి ఉంచుకుని తక్కినవి పక్కన పెట్టండి. ఇలాంటి పోటీల వ్యాసాలు దిద్దాను. చాలామంది మొదటి పేజీ నిండా శాతాలు రాస్తారు, ఒక్కదాన్నీ ప్రశ్నించరు. ఎవరిని, ఎప్పుడు, ఏమని అడిగితే ఆ శాతం వచ్చిందో రాబట్టడమే మీ పని.

2011 జనాభా లెక్కలకు ప్రకాశం పశ్చిమాన, కనిగిరి వైపు ఒక ఊళ్ళో ఎన్యూమరేటరుగా, అంటే ఇంటింటికీ వెళ్ళి వివరాలు రాసుకునేవాడిగా తిరిగాను. ఏడేళ్ళు నిండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితేనే అక్షరాస్యులు. సంతకం ఒక్కటే వస్తే చాలదు. ఒక ఇంట్లో కొడుకు, 'అమ్మకు సంతకం వచ్చు సార్, చదువు వచ్చినట్టే రాసుకోండి' అన్నాడు. చేతిలోని పత్రం ఆమె ముందు పెట్టాను. కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేసింది. నిరక్షరాస్యురాలిగానే రాశాను. కానీ ఆమె పొలానికి వెళ్ళి ఉంటే కొడుకు మాటే లెక్క అయ్యేది. చాలా ఇళ్ళలో అందరి తరఫునా ఒక్కరే జవాబు చెబుతారు.

ఇక కాలం సంగతి. ఆ గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. అది గుంటూరు వైపు మిరపకాయ కోతల కాలం. నాకు అప్పగించిన ఇళ్ళ వరసల్లో (దాన్ని బ్లాకు అంటారు) వరసగా తాళాలు వేసిన ఇళ్ళుండేవి. ఆ రోజులన్నీ ఊళ్ళో లేనివారిని ఊళ్ళో రాయకూడదు, ఉన్నచోటే లెక్కించాలి. కల్లాల పక్కన పాకల్లో ఉన్న కూలీలందరినీ అక్కడి ఎన్యూమరేటర్లు రాసుకున్నారా? కాబట్టి నేను తిరిగిన ఊరి శాతం, ఊళ్ళో మిగిలినవారి శాతమే. కూలికి వెళ్ళినవారిలో చదువు తక్కువగా ఉంటే, ఊరు ఉన్నదానికంటే చదువుకున్నట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో మీ వ్యాసానికి గుండెకాయ ఇదే.

పోలికలు చేసేటప్పుడు జిల్లా హద్దులు చూసుకోండి. 2011లో కందుకూరు ప్రకాశంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరులో కలిసింది. అప్పుడే గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. పాత నెల్లూరు శాతాన్ని కొత్త నెల్లూరు శాతం పక్కన పెట్టి 'పెరిగింది' అని రాస్తే, మారింది చదువో, సరిహద్దో తెలియదు. 2021లో జరగవలసిన గణన జరగలేదు కాబట్టి, ఆ తరువాతి శాతం ఏది కనిపించినా అది ఎక్కడిదో ఆరా తీయండి.

ఇంత చెప్పానని లెక్కలన్నీ బూటకమని తేల్చేయకండి. 2011లో ప్రకాశంలో మగవారి అక్షరాస్యత సుమారు 73 శాతం, ఆడవారిది 53. సంతకాల దగ్గర ఎంత పొరపాటు జరిగినా 20 శాతం తేడా పుట్టదు. ఆ అన్యాయాన్ని మన ముందు పెట్టింది ఆ లెక్కే. అలాగే, శాతం చెప్పలేనిదీ ఒకటి రాయండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూడిన ఆడవాళ్ళే 1992లో సారా అమ్మకంపై తిరగబడ్డారు. ఏ గడిలో రాస్తాం దాన్ని?

ఊరివారీ అంకెలు 2011 జిల్లా జనగణన పుస్తకంలో దొరుకుతాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది. మీ మండలంలో పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళలో ఆడవారి అక్షరాస్యత బాగా తేడాగా ఉంటే, అక్కడికి వెళ్ళి నాలుగు ఇళ్ళలో మాట్లాడి రండి. మండలం పేరు రాస్తే ఏ పట్టిక చూడాలో చెబుతాను.