స్టైపెండ్ తక్కువే, అయినా ఆ ఫ్లోర్ వదలకండి

ప్రశ్న: నా వయసు 22. ఫ్యాషన్ డిజైన్ డిగ్రీలో భాగంగా హైదరాబాద్‌లోని ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. స్టైపెండ్ రూ.15,000 అన్నారు, చేతికి రూ.13,500 వస్తోంది. భోజనంతో కలిపి హాస్టల్‌కు రూ.7,500, మెట్రోకి, ఫోన్‌కి రూ.2,500 పోతాయి. ఎడ్యుకేషన్ లోన్ రూ.4 లక్షలు ఉంది, వడ్డీ 10 శాతం. పనేమో బట్టలు మడతపెట్టడం, ట్రయల్ రూమ్ దగ్గర నిలబడటం. ‘ఇంత చదివి సేల్స్‌గర్ల్ పనేంటి, వచ్చెయ్’ అంటున్నారు నాన్న. ఒక బొటిక్ వాళ్లు డిజైనింగ్ నేర్పిస్తాం, స్టైపెండ్ మాత్రం ఉండదు అంటున్నారు. స్టోర్‌లో స్టాఫ్‌కి 30 శాతం డిస్కౌంట్ ఉంది, స్టోర్ క్రెడిట్ కార్డు కూడా తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: స్టోర్‌లోనే ఉండండి. ఆరు నెలలూ పూర్తి చేయండి. బొటిక్‌కు మారితే నెలకు రూ.13,500 పోతుంది, హాస్టల్ ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. అంటే ఆ భారం మళ్లీ నాన్నగారి మీదే పడుతుంది. డిజైనింగ్ మీరు కాలేజీలో ఎలాగూ నేర్చుకుంటున్నారు. బట్ట ఎందుకు అమ్ముడవుతుంది, ఎందుకు మిగిలిపోతుంది అన్నది మాత్రం అమ్మకాలు జరిగే ఫ్లోర్ మీదే తెలుస్తుంది. రేపు మర్చండైజర్‌గానో (ఏ సరుకు ఎంత ఉంచాలో చూసేవారు), బయ్యర్‌గానో (స్టోర్‌కు సరుకు ఎంచి కొనేవారు) ఉద్యోగానికి వెళ్తే మిమ్మల్ని అడిగేది అదే.

ట్రయల్ రూమ్ డ్యూటీని చిన్నచూపు చూడకండి. బిల్లింగ్ కంప్యూటర్‌కు తెలిసేది అమ్ముడైన బట్ట గురించి మాత్రమే. వేసుకుని చూసి వదిలేసిన బట్ట సంగతి అక్కడ నిలబడే మీకే తెలుస్తుంది. చంక దగ్గర బిగుతుగా ఉందా, లైనింగ్ లేదా, ఎల్ సైజు నడుము దగ్గర ఎమ్ సైజులా ఉందా? ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ రాయండి. వారానికోసారి మీ డిపార్ట్‌మెంట్ మేనేజర్‌కు చూపించండి. మిమ్మల్ని ఆయన సేల్స్ రిపోర్టుల దగ్గర కూర్చోబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు.

ఆ రిపోర్టులు చూసే అవకాశం వస్తే ముందుగా సెల్‌త్రూ, అంటే వచ్చిన సరుకులో ఎంత శాతం అమ్ముడైందో, పట్టుకోండి. 200 కుర్తీలు వచ్చి నాలుగు వారాల్లో 120 అమ్ముడైతే సెల్‌త్రూ 60 శాతం. మిగిలిన 80లో ఎమ్, ఎల్ ఒక్కటీ లేక, అన్నీ ఎక్స్ఎస్, డబుల్ ఎక్స్ఎల్ అయితే సైజు సెట్ విరిగినట్టే. చివరికి ఆ మిగిలిన సరుకు డిస్కౌంట్‌లోకే వెళ్తుంది.

డిస్కౌంట్ అంటే స్టోర్‌కు ఎంత నష్టమో లెక్క వేసి చూడండి. కుర్తీ ఎంఆర్‌పీ రూ.999, స్టోర్‌కు పడిన ధర రూ.400 అనుకుందాం. 5 శాతం జీఎస్టీ తీసేస్తే స్టోర్‌కు వచ్చేది దాదాపు రూ.951, మిగిలేది రూ.551. అదే కుర్తీని సగం ధరకు ఇస్తే పన్ను పోను వచ్చేది సుమారు రూ.476, మిగిలేది రూ.76. ఆ రూ.76 లోనే మాల్ అద్దె, జీతాలు, కరెంటు. ధర సగమే తగ్గింది, మార్జిన్ మాత్రం ఏడో వంతుకు పడిపోయింది! ఈ లెక్క నోటికి వచ్చిన ఇంటర్న్ ఇంటర్వ్యూలో తడబడదు. మీ ఆరు నెలల్లో ఆషాఢం సేల్ కానీ, డిసెంబరు–జనవరిలో వచ్చే సీజన్ ముగింపు సేల్ కానీ పడితే ఆ రోజుల్లో సెలవు పెట్టకండి. ఏ సరుకుకు ముందు ధర తగ్గించారో, దేన్ని చివరిదాకా తగ్గించలేదో గమనించండి.

ఇక మీ డబ్బు సంగతి. ఖర్చులు పోగా మీకు నెలకు రూ.3,500 మిగులుతోంది. మొదటి నెల మిగులుతో మంచి బూట్లు కొనుక్కోండి. రోజంతా నిలబడే పని, ఇది దుబారా కాదు. రెండో నెల నుంచి రూ.2,000 లోన్ వడ్డీకి కట్టండి. ఈఎంఐ ఇంకా మొదలు కాకపోయినా వడ్డీ మాత్రం నెలకు సుమారు రూ.3,333 చొప్పున పెరుగుతూనే ఉంటుంది, ఈఎంఐ మొదలయ్యేనాటికి అదంతా అసలులో కలుస్తుంది. మిగతా రూ.1,333 నాన్నగారు సర్దగలిగితే ఇంకా మంచిది. మారటోరియంలో, అంటే ఈఎంఐ మొదలయ్యే దాకా ఇచ్చే గడువులో, వడ్డీ ఎప్పటికప్పుడు పూర్తిగా కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు వడ్డీ రేటు 1 శాతం తగ్గిస్తాయి. మీ బ్రాంచిలో తప్పకుండా అడగండి. రూ.1,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఉద్యోగం వెతుక్కునే నెలల్లో పనికొస్తుంది. మిగిలిన రూ.500 మీ ఇష్టం.

నాకు టెన్షన్ కలిగిస్తున్నది ఆ స్టాఫ్ డిస్కౌంట్. రూ.2,499 జీన్స్ మీకు రూ.1,749కే వస్తుంది, నిజమే. కానీ అది మీ నెల మిగులులో సగం. రోజంతా కొత్త స్టాక్ మధ్య ఉండే వాళ్లకు చేయి ఆపుకోవడం కష్టం, అందుకే ముందే హద్దు పెట్టుకోండి: డ్యూటీకి తప్పనిసరైన డ్రెస్ తప్ప ఈ ఆరు నెలలూ స్టోర్‌లో ఏమీ కొనవద్దు. క్రెడిట్ కార్డు వద్దే వద్దు. బాకీ మిగిలితే చాలా కార్డుల మీద వడ్డీ ఏడాదికి 40 శాతం దాటుతుంది. మీ చదువు అప్పు 10 శాతమే కదా!

స్టైపెండ్‌లో కోత పడుతున్న రూ.1,500 టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) అయ్యుండాలి. కొన్ని కంపెనీలు స్టైపెండ్‌ను వృత్తి ఫీజుగా చూపించి 10 శాతం పట్టుకుంటాయి. హెచ్ఆర్‌ను అడిగి ఖాయం చేసుకోండి, మీ పాన్ సరిగ్గా ఇచ్చారో లేదో చూడండి. ఆరు నెలలకు రూ.9,000 అవుతుంది. మీకు వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు కాబట్టి, ఆ డబ్బు ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తోందని చూసుకుని, గడువులోగా రిటర్ను వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది.

మూడో నెల ముగిసినా మిమ్మల్ని మడతల దగ్గరే ఉంచితే, మర్చండైజింగ్ టీమ్‌తో కనీసం నాలుగు వారాలు పని ఇవ్వమని హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. మీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ చూసే లెక్చరర్‌ను కాపీలో పెట్టండి. నాన్నగారికి ఆ నోట్‌బుక్ చూపించండి, కుర్తీ లెక్క మీరే వేసి వివరించండి.