టీచర్స్ డేకి చట్టం ఉందా? మా ఎడ్లబండి కథ

టీచర్స్ డేని ప్రభుత్వమే ఖాయం చేసి జరిపే దేశాలున్నాయా, ఆరోజు సెలవా అని ఒకరు అడిగారు. ఉన్నాయి. చైనాలో 1985 జనవరిలో అక్కడి చట్టసభ స్టాండింగ్ కమిటీ సెప్టెంబర్ 10ని ఖాయం చేసింది. మన సెప్టెంబర్ 5 అలా వచ్చింది కాదు, రాధాకృష్ణన్ గారి మీద గౌరవంతో 1962 నుంచి నడుస్తున్న ఆనవాయితీ.

నేను దగ్గర్నుంచి చూసింది దక్షిణ కొరియా. ఉద్యోగరీత్యా సువాన్‌లో కొన్నేళ్లున్నాం. 1958లో రెడ్‌క్రాస్ పిల్లలు కొందరు జబ్బుపడిన, రిటైరైన టీచర్లను పలకరించడానికి వెళ్లడంతో అక్కడ ఇది మొదలైంది. 1965లో మే 15కి మార్చారు. కొరియా లిపిని ఇచ్చిన సెజాంగ్ రాజు పుట్టినరోజు అది. 1973లో ప్రభుత్వమే తీసేసి, 1982లో మళ్లీ పెట్టింది. అధికారికమైన రోజే గానీ ప్రభుత్వ సెలవు కాదు.

మాకు తగిలిన చట్టం మాత్రం వేరు. పాప రెండో తరగతిలో ఉండగా, మే 15న వాళ్ల టీచర్‌కి ఇమ్మని మా ఆవిడ కొండపల్లి ఎడ్లబండి పంపింది. సాయంత్రం అదే కవర్లో, అదే పేపర్ చుట్టి వెనక్కొచ్చింది. ఏం తప్పు చేశామో అని ఒకటే టెన్షన్. మర్నాడు పక్కింటావిడ చెప్పింది: ఒకప్పుడు తల్లిదండ్రులు టీచర్లకు కవర్లో డబ్బు పెట్టి ఇచ్చేవాళ్లట, దాన్ని 'చొంజి' అంటారు. ఇప్పుడు 2016 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న అవినీతి నిరోధక చట్టం ప్రకారం, మార్కులు వేసే టీచర్‌కి కాఫీ కూడా ఇవ్వకూడదు. కార్నేషన్ పువ్వయినా క్లాసు తరఫున లీడరు అందరి ముందూ ఇస్తేనే సరి. చేత్తో రాసిన ఉత్తరానికి మాత్రం అడ్డు లేదు.

నిజానికి పాప ఉత్తరం కూడా పెట్టింది, కొరియన్‌లో నాలుగు లైన్లు, కింద తెలుగులో 'థాంక్యూ టీచర్'. టీచర్ దాన్ని ఉంచుకుని బండి ఒక్కటే తిప్పి పంపిందన్నది మేం తర్వాత గమనించాం.

తరగతి మారి, ఆ టీచర్‌కీ పిల్లకీ చదువు లావాదేవీ లేనప్పుడు 50 వేల వన్ (కొరియా కరెన్సీ) లోపు బహుమతి ఇవ్వొచ్చు. కొండపల్లి బండి ఖరీదు అందులో సగం కూడా ఉండదు. మరుసటేడు మళ్లీ తీసుకెళ్లాం. ఆవిడ రెండు చేతులా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఎడ్లు తెల్లగా ఉంటాయా?" అంది. వాళ్లవి ఎక్కువగా గోధుమరంగువే మరి.