యూరిన్ కల్చర్లలో ‘మిక్స్‌డ్ గ్రోత్’: లోపం కల్చర్ మీడియాలో కాదండీ

మీ కలెక్షన్ సెంటర్‌లో ఉదయం 7కి తీసిన యూరిన్ ల్యాబ్‌కి చేరేసరికి మధ్యాహ్నం 1 అవుతోందనీ, మీడియా (ల్యాబ్‌లో క్రిములను పెంచే పోషక పదార్థం) మార్చినా మిక్స్‌డ్ గ్రోతే, అంటే రకరకాల క్రిములు కలిసి పెరగడమే వస్తోందనీ రాశారు. మీడియా మీద అనుమానం వదిలేయండి, ఆ ఆరు గంటలే అసలు కారణం. మన ఎండల్లో బయట పెట్టిన యూరిన్‌లో ఇ.కోలై అనే బ్యాక్టీరియా దాదాపు 20–30 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. చర్మం మీద నుంచి పడిన నాలుగు క్రిములు కూడా లక్ష దాటేయొచ్చు. ఒక మైక్రోలీటర్ యూరిన్ పట్టే లూప్‌తో (తీగ చుట్టతో) మీడియా ప్లేట్ మీద గీస్తే 100 కాలనీలంటే (క్రిముల గుంపులంటే) మిల్లీలీటరుకు లక్ష కదా, దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుంటే లేని ఇన్ఫెక్షన్‌కి పేషెంటు యాంటీబయాటిక్ మింగాల్సి వస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

రెండు గంటల్లో ప్లేట్ చేయలేకపోతే (మీడియా మీద గీయలేకపోతే) తీసిన వెంటనే ఫ్రిజ్‌లో, దారిలో ఐస్ ప్యాక్‌ల బాక్సులో ఉంచండి. 24 గంటల వరకు ఫర్వాలేదు. క్రిములు పెరగకుండా ఆపే బోరిక్ యాసిడ్ మందు ఉన్న కంటైనరైతే గీత దాకా నింపాలి. తక్కువ పోస్తే మందు గాఢత పెరిగి అసలు క్రిమే చచ్చిపోతుంది.

శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమని పేషెంటుకి నోటితో చెప్పండి, గోడ మీద కాగితం చాలదు.

అదే ఐస్ బాక్సులో సీఎస్ఎఫ్ (వెన్నెముక నుంచి తీసే ద్రవం), బ్లడ్ కల్చర్ బాటిళ్లు మాత్రం పెట్టకండి. వాటిలో ఉండగల మెనింగోకోకస్ (మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) చలికి బతకదు.