షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ 8.4. ఇప్పుడే పిల్లల కోసం ప్రయత్నించొచ్చా?

ముప్పై ఏళ్లు, నాలుగేళ్లుగా టైప్ 2, మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.4, షుగర్‌కి మెట్‌ఫార్మిన్‌తో పాటు బీపీకి టెల్మిసార్టాన్, పైగా అత్తగారు "ఇంకా ఎప్పుడు" అంటున్నారు. మీరు రాసింది చదువుతుంటే అప్పటి నేనే కనిపించాను. బిడ్డ బాగుంటుందా అన్నారు. బాగుండే అవకాశమే ఎక్కువ, కానీ ఓ మూడు నాలుగు నెలలు ఆగండి.

నేను ఆగలేదు. మొదటిసారి నెల తప్పానని తెలిసేసరికే ఏడో వారం, సగటు 9.6. తొమ్మిదో వారం స్కాన్‌లో గుండె చప్పుడు వినపడలేదు. షుగర్ వల్లే అని ఎవరూ కచ్చితంగా చెప్పలేరు, ఏ జబ్బూ లేనివాళ్లకీ అలా అవుతుంది. కాకపోతే బిడ్డ గుండె, వెన్నెముక రూపు కట్టేది మొదటి ఎనిమిది వారాల్లోనే. అంటే మనం టెస్ట్ చేసుకుని, ఇంట్లో చెప్పేలోపే సగం పని అయిపోతుంది. ఆ రోజుల్లో షుగర్ ఎక్కువుంటే గర్భస్రావం, అవయవ లోపాల ముప్పు పెరుగుతుందని నాకు ముందుగా ఒక్కరూ చెప్పలేదు. పెళ్లిచూపులప్పుడు షుగర్ మాట ఎత్తొద్దని చెప్పినవాళ్లు మాత్రం బోలెడుమంది.

రెండోసారి ముందే షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లాను. 6.5 లోపుకి రండి, అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్త పడండి అన్నారు. 10 దాటితే అసలు ప్రయత్నించొద్దంటారు. కొలెస్ట్రాల్ మాత్ర ఆపారు, బీపీ మాత్ర మార్చారు. మీ టెల్మిసార్టాన్ కూడా కడుపులో బిడ్డకి మంచిది కాదు. అలాగని మీ అంతట మీరు మానేయకండి, అడిగి మార్పించుకోండి. రోజుకి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాశారు, కంటి రెటీనా చూపించుకోమన్నారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. "ఒకసారి సూది పడితే ఇక వదలదు" అని మా అమ్మ ఏడ్చింది.

ఇక తిండి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు ఉండాలి. మూడు ఇడ్లీలు, చట్నీ తింటే గంటకి 178. అదే రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు తింటే 136. ఇలా మన ఒంటి లెక్క మనమే రాసుకోవాలి, ఎవరి డైట్ చార్టూ సరిగ్గా సరిపోదు. స్ట్రిప్‌ల ఖర్చు మాత్రం తక్కువేం కాదు.

రెండో గర్భం పదకొండో వారంలో ఒక రాత్రి రెండున్నరకి చెమటలు పట్టి లేచాను, మీటర్‌లో 52. మా ఆయన గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ గుచ్చారు. వాంతుల రోజుల్లో ఇలా షుగర్ పడిపోతుంది. ఐదో నెల దాటాక తిరగబడుతుంది: 20 యూనిట్ల ఇన్సులిన్ సరిపోయిన నాకు చివరికి 64 పట్టాయి. జబ్బు ముదిరిందేమో అని టెన్షన్ పడకండి, మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు చేసే పని అది.

38 వారాలకి సిజేరియన్, పాప 3.6 కిలోలు. గంటకి మడమ మీద గుచ్చి చూస్తే షుగర్ 34! మన రక్తంలో చక్కెర ఎక్కువుంటే అది బిడ్డకి చేరుతుంది, దాన్ని అరిగించడానికి బిడ్డ సొంతంగా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. బొడ్డు కోశాక చక్కెర ఆగిపోతుంది, ఆ ఇన్సులిన్ మాత్రం కాసేపు ఉండిపోతుంది. అందుకే వెంటనే పాలు పట్టాలి. మా పాప ఒక రాత్రి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉండి వచ్చేసింది. పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రినే ఎంచుకోండి.

అత్తగారి సంగతంటారా, మా అత్తగారిని నేను డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాను. ఎనిమిది వారాల లెక్క ఆయన నోటి నుంచే విన్నారు. ఆటోలో ఇంటికొస్తూ, "కంటి పరీక్ష ఎప్పుడన్నారు?" అని అడిగారు.