పిల్లులు ఆడాయి, చూసినవాళ్ళే తక్కువ

మీ ప్రశ్నలు – మా జవాబులు

గత సంచికలో పిల్లల సినిమాల గురించి రాస్తూ 'క్యాట్స్ డోంట్ డాన్స్' పేరు ఒక్క వాక్యంలో వేసి వదిలేశాం. ఉత్తరాలు మాత్రం దాని మీదే ఎక్కువ వచ్చాయి. చూడనివారి కోసం రెండు ముక్కలు: ఇది 1997లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన 75 నిమిషాల పాటల బొమ్మల సినిమా. కథ 1939 నాటి హాలీవుడ్‌లో నడుస్తుంది. డానీ అనే పిల్లి ఇండియానా రాష్ట్రంలోని కొకోమో అనే ఊళ్ళో బస్సెక్కి, స్టార్ అవ్వాలంటే ఏ రోజు ఏం చెయ్యాలో కాగితం మీద రాసుకుని మరీ వస్తాడు. తీరా చూస్తే అక్కడ జంతువులకి దొరికేవి చిల్లర వేషాలే. డానీకి దక్కింది ఒకే ఒక్క మాట: 'మ్యావ్'. అదీ డార్లా డింపుల్ అనే బాలనటి సినిమాలో. తన పక్కన ఇంకొకరు మెరిస్తే ఓర్వలేని పిల్ల ఆమె.

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు నలభైమంది ఉన్నారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలుగు డబ్బింగు మాకు దొరకలేదు. పాటలు వచ్చినప్పుడల్లా ముందుకి జరిపేస్తే గంటలోపు అయిపోతుంది కదా? — ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

పాటలు మాత్రం జరపకండి. జముకు వాయిస్తూ పాడి చెప్పే మన జముకుల కథలో పాట తీసేస్తే ఏం మిగులుతుందో ఇక్కడా అంతే మిగులుతుంది. డార్లా తన భవంతికి డానీని పిలిచి, స్నేహం నటించి, 'నీ ఆట పెద్దగా, గట్టిగా ఉండాలి' అని తప్పుదోవ పట్టించేది పాటలోనే. ఆ పాట జరిపేశారా, తర్వాత స్టూడియోలో ఓడ సెట్టు మీద జంతువులు ఎందుకు గెంతుతున్నాయో, వరద ఎందుకు వచ్చిందో, అందరి ఉద్యోగాలూ ఎందుకు పోయాయో ఒక్క పిల్లాడికీ అర్థం కాదు. అప్పుడు గోల మొదలవుతుంది. ఆ తప్పు సినిమా మీదకి తోసెయ్యడం మామూలే.

భాష సంగతి. మాటకి మాట అనువదిస్తూ కూర్చోవద్దు, మీ గొంతు కింద పాట నలిగిపోతుంది. మొదలుపెట్టే ముందు మూడు నిమిషాల్లో కథ చెప్పెయ్యండి. శ్రీకాకుళంలో బస్సెక్కి సినిమా ఛాన్సుల కోసం హైదరాబాదు కృష్ణానగర్‌లో దిగిన కుర్రాడనుకోమంటే సగం కథ చెప్పినట్టే. ఆ తర్వాత రెండేచోట్ల ఆపండి. డార్లా భవంతి పాట అయ్యాక ఒకసారి ఆపి, 'ఈ అమ్మాయి చెప్పింది నిజమేనంటారా?' అని అడగండి. వరద అయ్యాక ఇంకోసారి ఆపి, ఎవరి పని పోయిందో, ఎవరు చేసిన పనికి పోయిందో పిల్లల చేతే చెప్పించండి. చివరి ప్రదర్శనలో ఆపక్కర్లేదు. ఆటని పాడుచెయ్యాలని డార్లా చేసే ప్రతి కుట్రా ఆటకే కొత్త సొగసు తెచ్చిపెడుతుంది. దానికి భాష అక్కర్లేదు, చిన్న తరగతివాళ్ళే ముందు నవ్వుతారు.

తెర, శబ్దం విషయంలో కొన్ని జాగ్రత్తలు. దుప్పటి కడితే రెండు పొరలు వెయ్యండి, ఒక పొరయితే వెలుతురు అవతలికి పోయి రంగులు పాలిపోతాయి. కింది అంచులో వెదురుకర్ర దోపితే ముడతలు రావు. పిల్లలు నేల మీద కూర్చుంటారు కాబట్టి తెర కింది అంచు మూడడుగుల ఎత్తున ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, స్పీకరుని వైరుతోనే కలపండి. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యంగా రావచ్చు. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు (తెర మీద ఒక్కోటిగా పడే బొమ్మలు), అంటే రెండు నుంచి ఐదు ఫ్రేముల తేడా. మామూలు మాటల్లో అది పెద్దగా తెలియదు. ఇందులో ఉన్నది ట్యాప్ డ్యాన్స్, బూటు నేలకి తగలడమే తాళం. అడుగు పడ్డాక చప్పుడు వినిపిస్తే ఆట చప్పబడిపోతుంది, ఎందుకు చప్పబడిందో చూసేవాళ్ళకి తెలియదు కూడా. స్పీకరు ప్రొజెక్టరు పక్కన కాదు, తెర పక్కన పెట్టండి.

మా చిన్నమ్మికి నాలుగేళ్ళు. ఆ డార్లా పిల్ల కోపం మొహం చూసి దుప్పటి ముసుగేసుకుంది. ఇది పిల్లల సినిమా ఏటండి? — ఒక తల్లి, రాజాం

పిల్లల సినిమాయే గానీ నాలుగేళ్ళవాళ్ళది కాదమ్మా. ఆరేళ్ళు దాటినవాళ్ళకి సరిపోతుంది. ఈ సినిమా నచ్చనివాళ్ళ మాటల్లో ఎక్కువగా వినిపించేదీ డార్లా గురించే. అయితే నచ్చినవాళ్ళు ముందుగా చెప్పే పేరూ అదే. బుగ్గన సొట్టలతో ముద్దొచ్చే మొహం, కోపం రాగానే నోరు తలకన్నా పెద్దదైపోతుంది. నడుమ మెట్లు దాదాపు లేకుండా ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి దూకించారు. పెద్దవాళ్ళకి అదే నవ్వు, పసిపిల్లలకి అదే భయం. దానికి తోడు మాక్స్ అనే ఆమె సేవకుడు తెరలో పట్టనంత పొడుగ్గా, మాట పెద్దగా లేకుండా వచ్చి నిలబడతాడు.

ఇంకో రెండేళ్ళు ఆగండి. ఈలోపు భయం తియ్యాలంటే ఆ దృశ్యం శబ్దం తీసేసి, ఆపి ఆపి, బొమ్మ తర్వాత బొమ్మ చూపించండి. ఆగిన బొమ్మలో గీతలు కనిపిస్తాయి, 'ఇది గీసిందే' అని పిల్లకి తెలిసిపోతుంది. భయం సగం శబ్దంలోనే ఉంటుంది.

ఇంత బాగుంటే ఎందుకు పోయింది? — డిగ్రీ విద్యార్థి, ఎచ్చెర్ల

చూసినవాళ్ళు తిరస్కరించి కాదు, చూసేదాకా రాక. టర్నర్ సంస్థ తన యానిమేషన్ విభాగంలో ఈ సినిమా తీసింది. సినిమా పూర్తయ్యే వేళకి, 1996 అక్టోబరులో, టర్నర్ సంస్థ వార్నర్ బ్రదర్స్ యజమాని అయిన టైమ్ వార్నర్‌లో కలిసిపోయింది. కొత్త యజమానికి ఇది వేరే ఇంటి బిడ్డ, ప్రచారం నామమాత్రం. సుమారు 3.2 కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమాకి అమెరికాలో వచ్చింది సుమారు 36 లక్షల డాలర్లే. విడుదలైన ఏడాదే యానిమేషన్ వాళ్ళు ఇచ్చే యానీ అవార్డుల్లో ఉత్తమ చిత్రం ఇదే. పాటలు రాండీ న్యూమన్‌వి, ఆడపిల్లి సాయర్ పాటలకి గొంతు నటాలీ కోల్‌ది. నాట్యానికి సలహాదారు పాత హాలీవుడ్ నాట్య తార జీన్ కెల్లీ. ఆయన 1996 ఫిబ్రవరిలో పోయారు, సినిమా ఆయన స్మృతికే అంకితం. దర్శకుడు మార్క్ డిండల్‌కి పూర్తి నిడివి సినిమాల్లో ఇది మొదటిది.

లోపాలు లేవని కాదు. పాత హాలీవుడ్ తారల మొహాల మీద వేసిన వేళాకోళాలు మన పిల్లలకే కాదు, అమెరికా పిల్లలకీ అందవు. హిప్పో, మేక, తాబేలు, చేప ఇలా ఒక్కో జంతువుకీ ఒక్కో గుణం ఇచ్చారే గానీ చోటు ఇవ్వలేదు. పియానో వాయించాలని వచ్చి స్టూడియో గుర్తుగా మిగిలిపోయిన ఏనుగు వూలీ కథ ఇంకో పది నిమిషాలు నడవాల్సింది. 75 నిమిషాల్లో కుక్కడం వల్ల వచ్చిన తంటా ఇది. ఒంటిరంగుని బట్టి వేషాలిచ్చిన కాలం మీద ఇది చురక అని పెద్దలు చర్చించుకుంటారు. చర్చ సబబే. పిల్లలు మాత్రం పడ్జ్ అనే బుల్లి పెంగ్విన్ ఎప్పుడొస్తుందా అని చూస్తారు.

ఇందులో పాటలకి తెలుగు మాటలు రాసి చూస్తున్నాను, సాధన కోసమే. తాళంలో కూర్చుంటున్నాయి గానీ తెర మీద పెదాలతో కలవడం లేదు. ఎక్కడ పొరపాటు? — సంగీత విద్యార్థి, విజయనగరం

హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల ఊరి నుంచి రాస్తున్నారు కాబట్టి గురులఘువులు చెప్పనక్కర్లేదు. మీ పొరపాటు తాళంలో లేదు, అక్షరాల్లో ఉంది.

ఇలాంటి సినిమాల్లో పాట ముందు రికార్డు చేస్తారు, బొమ్మ తర్వాత గీస్తారు. నిమిషానికి 120 దెబ్బల వేగమైతే దెబ్బకి 12 ఫ్రేములు, పెదవి కదలిక ఆ ఫ్రేముల్లోనే స్థిరపడిపోయింది. మీరు అందులోకి దూరాలి తప్ప అది మీ కోసం సాగదు.

ముందు శబ్దం తీసేసి పాట చూడండి. తత్తకారం (బాణీ కొలతకి వేసుకునే తననలు) రాసుకోవడానికి ముందే, పెదాలు పూర్తిగా మూసుకునే చోట్ల చుక్క, నోరు బాగా తెరుచుకునే చోట్ల సున్న పెట్టుకోండి. చుక్క దగ్గర ప, బ, భ, మ తప్ప ఇంకేదీ పనికిరాదు. సున్న దగ్గర ఆకారం. పై పళ్ళు కింది పెదవికి తగిలే చోట వ గానీ ఫ గానీ. మిగతా అక్షరాలు నోటి లోపల పలికేవి, వాటి గురించి బెంగ వద్దు.

డార్లా పాటలో 'బిగ్ అండ్ లౌడ్' అన్న మాట తీసుకోండి. పలికేటప్పుడు మూడు అక్షరాలు: మొదటిది మూసిన పెదాలతో మొదలై బరువుగా పడుతుంది, నడిమిది తేలిక, మూడోది నోరు తెరిచి సాగుతుంది. తెలుగులో 'పెద్దగా' పెట్టి చూడండి. పకారం పెదాలు మూయిస్తుంది, ద్విత్వం వల్ల మొదటి అక్షరం గురువు, 'ద' లఘువు, 'గా' గురువు. రగణం చక్కగా కూర్చుంది. అర్థంలోనూ అదృష్టమే. పెద్దగా పాడటం, పెద్దగా ఉండటం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. 'గొప్పగా' అన్నా గణం అదే, అర్థం దగ్గరిదే. కానీ మూసిన పెదాల మీద 'గొ' వినిపిస్తుంది, రెండో అక్షరం దగ్గర తెరిచిన నోటి మీద 'ప్ప' పడుతుంది. మీ పాట కలవకపోవడానికి కారణం ఇలాంటివే.

'లౌడ్' చివర పెదాలు సున్నాలా చుట్టుకుంటాయి, 'గా' చుట్టుకోదు. రెండు మూడు ఫ్రేముల తేడా, దగ్గరి షాటు కాకపోతే ఎవరూ పట్టుకోలేరు. అసలు చిక్కు ఇంగ్లీషు పంక్తులు హల్లుతో ఠక్కున ఆగే చోట వస్తుంది. మనది అజంత భాష, దాదాపు ప్రతి మాటా చివర అచ్చుతో సాగుతుంది. నోరు మూసుకున్నాక కూడా గొంతు వినిపిస్తుంటే అబద్ధంలా ఉంటుంది. అక్కడ 'ం'తో ముగిసే మాటలు వెతకండి: అందం, పంతం, సొంతం. పెదాలు మూసే మాటలు మన దగ్గర ఇలాగే దొరుకుతాయి.

ప్రాస విషయంలో ఒక మాట. మీరు రెండో అక్షరం ప్రాస కోసం కష్టపడ్డట్టున్నారు, వదిలెయ్యండి. బొమ్మలో చమత్కారమంతా పంక్తి చివర పేలుతుంది, అంత్యప్రాస ఉంటే చాలు. గొంతు బొమ్మకన్నా ముందు పడితే కంటికి వెంటనే తగులుతుంది, ఒకటి రెండు ఫ్రేములు వెనక పడితే ఓర్చుకుంటుంది. కాబట్టి సందేహం ఉన్నచోట వెనక్కే జరపండి.

మా గ్రంథాలయంలో సినిమా చూపించి పిల్లల అభిప్రాయాలు రాయించాం. ముప్పైమందీ 'చాలా బాగుంది' అని రాశారు. ఏమీ తేలలేదు. — చీపురుపల్లి

'ఎలా ఉంది?' అని పెద్దవాళ్ళు అడిగితే పిల్లలు ఇచ్చేది జవాబు కాదు, మర్యాద. నవ్వు మొహాల బొమ్మలు ఇచ్చి ఎంచుకోమన్నా అంతే, అన్నిటికన్నా పెద్ద నవ్వుకే టిక్కు పడుతుంది.

చూస్తున్నప్పుడే ఒకరు తెర పక్కన, పిల్లల వైపు మొహం పెట్టి కూర్చోవాలి. కాగితం మీద 15 గడులు, గడికి ఐదు నిమిషాలు. ప్రతి గడిలో తెర వైపు నుంచి తల తిప్పేసినవాళ్ళు ఎంతమందో లెక్క వెయ్యాలి. కరెంటు పోయినా, వంటగదిలోంచి పోపు వాసన వచ్చినా పక్కన రాసుకోండి, లేకపోతే ఆ తప్పు సినిమాకి చుట్టుకుంటుంది.

మర్నాడు మూడు పనులు పెట్టండి, వెంటనే వద్దు. గుర్తున్న ఒక దృశ్యం బొమ్మ గియ్యమనండి, ఏదో మీరు చెప్పకండి. ఏదైనా ఒక పాట రాగం తీయమనండి, మాటలు రాకపోయినా సరే. సినిమా చూడని పిల్లాడికి కథ చెప్పమని, మీరు దూరంగా కూర్చుని వినండి. కథలో ఏ ముక్క జారిపోయిందో అక్కడే తెలుస్తుంది. జంతువుల ఉద్యోగాలు పోయిన సంగతి చెప్పకుండా చివరి ఆటకి వెళ్ళిపోతే ఆ మలుపు వాళ్ళకి అందలేదన్నమాట. ముప్పైమందితో శాతాలు కట్టకండి. ఎన్ని బొమ్మల్లో డార్లా ఉంది, ఎన్నిట్లో డానీ ఉన్నాడు, అది చాలు.

పాఠశాలలో చూపిస్తే చట్టం ఒప్పుకుంటుందా? — టెక్కలి

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థకి సంబంధించినవాళ్ళ వరకే చూపించవచ్చు. ఊరందరినీ పిలిచి టిక్కెట్టు పెడితే ఆ మినహాయింపు వర్తించదు. వీడియో క్యాసెట్టు కాలం నాటి ప్రతి దొరికితే మాత్రం వాడకండి. పాత టీవీకి సరిపడేలా రెండు పక్కలా కోసేశారు, గుంపు నాట్యంలో అంచున ఉన్నవాళ్ళు మాయమైపోతారు.

ఈ సినిమా చూసి మా గుంటలు తప్పెటగుళ్ళ ఆటని బొమ్మల్లో కదిలిస్తామంటున్నారు. ఫోను ఉంది. ఎన్ని బొమ్మలు గియ్యాలి? — ఆమదాలవలస

పద్ధెనిమిది. ఎలాగంటే, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 80 దెబ్బల వేగం పెట్టుకుంటే ఒక్కో దెబ్బకి 18 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపితే దెబ్బకి తొమ్మిది బొమ్మలు. రెండు దెబ్బల అడుగు ఒకటి గీసి, పద్ధెనిమిదో బొమ్మ మళ్ళీ మొదటిదానికి అతికేలా చూసుకుంటే ఎంతసేపైనా తిప్పుకోవచ్చు.

ముందు దెబ్బలు రికార్డు చెయ్యండి, గీయడం తర్వాత. రెండు ఏ4 చార్టు కాగితాలు ఒక్కోటి తొమ్మిది ముక్కలు చేస్తే సరిగ్గా సరిపోతాయి. తప్పులు ఖాయం కాబట్టి మూడోది దగ్గర పెట్టుకోండి. చెయ్యి రొమ్ము మీది రేకుకి తగిలే బొమ్మలు 1, 10. ముందు అవి రెండూ గీయండి, ఆ తర్వాతే మధ్యవి. చేతులు బాగా బయటికి చాచిన బొమ్మ 8 దగ్గర ఉండాలి. 2 నుంచి 8 దాకా చెయ్యి కొంచెం కొంచెం జరగాలి, 8 నుంచి 10కి పెద్ద పెద్ద అంగల్లో వచ్చి పడాలి. అందరూ ఇక్కడే తప్పుతారు. అన్ని బొమ్మలకీ ఒకే దూరం పెడితే చెయ్యి నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటుంది, దెబ్బ పడినట్టు ఉండదు. దెబ్బతోపాటు మోకాళ్ళు కూడా వంగాలి.

ఫోనుని రెండు ఇటుకల మధ్య కదలకుండా బిగించి, కింద కాగితం మూల గీత గీసుకుని ప్రతి ముక్కా అక్కడే ఆన్చండి. ఫోను తెర మీద వేలు నొక్కిపట్టి వెలుతురుని లాక్ చెయ్యండి, లేదంటే బొమ్మ బొమ్మకీ మెరుపు మారి మినుకుమినుకుమంటుంది. బొమ్మల్ని కదిలించే స్టాప్ మోషన్ యాప్‌లో వేగం సెకనుకి 12 బొమ్మలు పెట్టండి, అప్పుడు ఒక్కోటి రెండు ఫ్రేములు నిలిచినట్టే. కిటికీ వెలుగులో తీస్తే మబ్బు పట్టిన రోజు వద్దు, రాత్రి ఒకే బల్బు కింద తీసుకోవడం మేలు.